మా మావ జీపు కార్పెటరు ఎందుకు మొరాయించింది?



పోయిన సంచికలో పదో తరగతి అక్క కిరణజన్య సంయోగక్రియ గురించి బాగా రాసింది. ఈసారి సైన్సు పాఠం నన్ను రాయమన్నారు. నేను పుస్తకంలోది కాకుండా సంక్రాంతి సెలవుల్లో మా ఊళ్ళో నేర్చుకున్నది రాస్తున్నాను. ఆడపిల్లకి జీపు ఇంజనుతో పనేమిటని కొంతమంది నవ్వుతారని నాకు తెలుసు. నవ్వుకుంటూనే చదవండి. తప్పులుంటే సైన్సు సారు దిద్దుతారు.

మా ఊరు పాడేరు ఏజెన్సీలో కొండ మీద ఉంది. తారు రోడ్డు మా ఊరికి నాలుగు కిలోమీటర్ల కిందే ఆగిపోయింది. అంబులెన్సు అక్కడి వరకే వస్తుంది. పై దారిలో తిరిగేది మా మావ పాత పెట్రోలు జీపు ఒక్కటే. సంతకి పసుపు, కాఫీ గింజల బస్తాలు దింపేది అదే, మేం హాస్టలుకి వచ్చేదీ అందులోనే.

పోయిన వానాకాలంలో ఒక రాత్రి మా పెద్దమ్మకి బాగా జబ్బు చేసింది. మావ ఎంత సెల్ఫు కొట్టినా జీపు స్టార్టు కాలేదు. చివరికి బ్యాటరీ కూడా దిగిపోయింది. డోలీ కట్టి వానలో తారు రోడ్డు వరకు మోసుకెళ్ళారు. పెద్దమ్మ బతికింది, ఇప్పుడు బాగానే ఉంది. కానీ మావ మాత్రం పాత ఇనుం కొనేవాడికి జీపు అమ్మేస్తానని అప్పటినుంచి అంటూనే ఉన్నాడు. పండక్కి నేను వెళ్ళేసరికి బేరం దాదాపు కుదిరిపోయింది. "నాలుగు రోజులు ఆగు మావా, ఒకసారి సరిగ్గా చూద్దాం" అన్నాను. మావ నవ్వి, "సర్లే అమ్మీ, ఎలాగూ పండగే కదా" అన్నాడు.

ముందు జీపు సంగతి కొంచెం. అది విల్లీస్ రకం. మన దేశంలో మహీంద్రా వాళ్ళు 1940ల చివర్లో ఈ జీపులు బిగించడం మొదలుపెట్టారు. మావ బండి ఇంజనుకి హరికేన్ అని పేరు. నాలుగు సిలిండర్లు, 2199 సీసీ. పెట్రోలు గాలి లోపలికి వెళ్ళే వాల్వులు పైన హెడ్డులో, పొగ బయటికి పోయే వాల్వులు కింద బ్లాకులో ఉంటాయి. అయితే ఇది పుట్టినప్పటి ఇంజను కాదు. పాత యజమాని బోరింగు చేయించి కొంచెం పెద్ద పిస్టన్లు వేయించాడు. మొదటి కార్బురేటరు తీసేసి, మధ్యలో ఒక మందపాటి రేకు పెట్టి సోలెక్స్ కార్బురేటరు బిగించాడు. నూనె పోసే పెద్ద ఎయిర్ క్లీనరు పారేసి చిన్న ఫిల్టరు పెట్టాడు. ఇన్ని మార్చాక కార్బురేటరుని మళ్ళీ మొదట్నుంచి సరిచూడాలి. అది ఎవరూ చెయ్యలేదు. బండి ఆగినప్పుడల్లా ఎవరో ఒకరు ఏదో ఒక స్క్రూ తిప్పారు, అంతే.

కార్బురేటరు అంటే ఏమిటి? (మావ వాళ్ళు కార్పెటరు అంటారు.) అయిపోయిన బాల్ పెన్ను రీఫిల్ ఒకటి తీసుకుని, మొన పీకేసి, శుభ్రంగా కడిగి, గ్లాసు నీళ్ళల్లో నిలబెట్టండి. పైకొస నీటికి ఒక వేలు వెడల్పు మాత్రమే పైకి ఉండాలి. ఖాళీ పెన్ను గొట్టం అడ్డంగా పట్టుకుని రీఫిల్ మూతి మీదుగా గట్టిగా ఊదండి. నీళ్ళు రీఫిల్లో పైకెక్కి తుంపరగా ఎగురుతాయి. (భోజనాల హాల్లో చెయ్యకండి. నేను చేసి తిట్లు తిన్నాను.) గాలి వేగంగా పోయేచోట ఒత్తిడి తగ్గుతుంది, అందుకే నీళ్ళు పైకి వస్తాయి. ఈ సూత్రం బెర్నౌలీ 1738లో అచ్చువేసిన పుస్తకంలో ఉంది. కార్బురేటరు లోపల గాలి పోయే గొట్టానికి సన్నటి మెడ ఉంటుంది. ఆ మెడ దగ్గర పెట్రోలు అలాగే తుంపరై గాలిలో కలుస్తుంది. హంగరీ దేశంలో బాంకి, చోంకా అనే ఇద్దరు ఇంజనీర్లు ఇలాంటి కార్బురేటరుకి 1893లో పేటెంటు తీసుకున్నారు. పూలమ్మే పిల్ల పూల మీద నీళ్ళు చిమ్మడం చూసి వాళ్ళకి ఆలోచన వచ్చిందని ఒక కథ చెబుతారు.

ఒక గ్రాము పెట్రోలు పూర్తిగా మండాలంటే 14.7 గ్రాముల గాలి కావాలి. లీటరు గాలి 1.2 గ్రాములే తూగుతుంది కాబట్టి గ్రాము పెట్రోలుకి 12 లీటర్ల గాలన్న మాట! పెట్రోలు ఎక్కువైతే మిశ్రమం చిక్కన, తక్కువైతే పలచన. చోడి అంబలి లాగానే అనుకోండి. చిక్కనైతే నల్ల పొగ వస్తుంది, ప్లగ్గుకి మసి పడుతుంది, పెట్రోలు వాసన కొడుతుంది. పలచనైతే కార్బురేటరులోంచి టప్ టప్ మని వెనక్కి కొడుతుంది, ఇంజను వేడెక్కుతుంది, ప్లగ్గు తెల్లగా అవుతుంది. మావకి ఇంకో చిట్కా తెలుసు. బండి తడబడుతున్నప్పుడు చోకు కొంచెం లాగి చూడాలి. చోకు గాలిని తగ్గిస్తుంది. లాగితే బాగుపడితే పలచన, ఇంకా పాడైతే చిక్కన.

నాకు అన్నిటికంటే పనికొచ్చింది "ఎప్పుడు పాడవుతోంది?" అనే ప్రశ్న. ఎందుకంటే కార్బురేటరులో ఒక్క దారి కాదు, నాలుగు దారులున్నాయి. బండి నిలబడి ఉండి స్లోలో తిరిగేటప్పుడు పెట్రోలు పైలట్ జెట్టు అనే చిన్న చిల్లులోంచి వస్తుంది. పరిగెత్తేటప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు మెయిన్ జెట్టులోంచి వస్తుంది. యాక్సిలరేటరు ఒక్కసారిగా తొక్కితే చిన్న పంపు ఒక చుక్క అదనంగా చిమ్ముతుంది. చలికి స్టార్టు చెయ్యడానికి చోకు. స్లోలో తప్పు ఉంటే మెయిన్ జెట్టు విప్పి లాభం లేదు, ఎందుకంటే అప్పుడు పెట్రోలు కొలిచి పంపేది పైలట్ జెట్టే.

నేను ఒక నోటుబుక్కులో మూడు గళ్ళు గీశాను: ఏం చేశాం, ముందు ఎలా ఉంది, తర్వాత ఎలా ఉంది. జీపుకి రెండు రోగాలని రాసుకున్నాం. ఒకటి, స్లోలో నిలకడ లేదు, ఇంజను శబ్దం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. రెండు, ఘాటు ఎక్కేటప్పుడు నల్ల పొగ, మిస్సింగ్. మొదటిది పలచన లక్షణం, రెండోది చిక్కన లక్షణం. ఒకే బండిలో రెండూ ఎలా ఉంటాయని మావ తల పట్టుకున్నాడు.

మొదటి రోజు కార్బురేటరుని ముట్టుకోలేదు. సగం కార్పెటరు రోగాలు పాయింట్లలోనే ఉంటాయని మావ మాట. పాయింట్లు గీకి అర మిల్లీమీటరు సందు, ప్లగ్గులకి ముప్పావు మిల్లీమీటరు సందు పెట్టాం. వైర్లు 1-3-4-2 వరసలోనే ఉన్నాయి. మిస్సింగ్ కొంచెం తగ్గింది, పొగ తగ్గలేదు.

రెండో రోజు సంగతే నేను ముఖ్యంగా చెప్పాలి. మధ్యలో పెట్టిన మందపాటి రేకు మీద నాకు అనుమానం. దాని పైనా కిందా ప్యాకింగులు ఉంటాయి. అక్కడ సందు ఉంటే ఇంజను దొంగ గాలి పీలుస్తుంది. కొంతమంది పెట్రోలు చల్లి చూస్తారట. అది మంటలతో ఆట, చెయ్యకూడదు. మావ కోడి ఈకని ఇంజను ఆయిల్లో ముంచి అతుకు చుట్టూ చుక్కలు పెడుతూ వచ్చాడు. వెనక వైపు ఒకచోట చుక్క పడగానే లోపలికి పీల్చుకుంది, ఇంజను శబ్దం ఒక్క క్షణం నిలకడగా మారింది. దొంగ దొరికాడు! విప్పి చూస్తే ప్యాకింగు చీలిపోయి ఉంది. కొత్తది కత్తిరించి వేశాం.

స్టార్టు చేస్తే ఏమైందనుకున్నారు? ముందుకంటే ఘోరం. స్లోలోనే గుప్పు గుప్పున నల్ల పొగ. మావకి కోపం వచ్చింది. "బాగుచేస్తే పాడైపోయింది, ఇదేటమ్మీ?" అన్నాడు. నాకూ ఏడుపొచ్చింది. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. ఒకాయన పాత ప్యాకింగే మళ్ళీ వేసెయ్యమన్నాడు. నిజంగా వేసేసేవాళ్ళమే.

అప్పుడు నోటుబుక్కు చూశాను. మనం మార్చింది ప్యాకింగు ఒక్కటే. దొంగ గాలి ఆగిపోతే మిశ్రమం చిక్కబడాలి, చిక్కబడింది. అంటే మేం చేసింది సరైనదే. మరి ఇంత చిక్కన ఎందుకైంది? మిక్చరు స్క్రూ ఎన్ని చుట్లు తెరిచి ఉందో లెక్కపెడుతూ మెల్లగా మూశాం. నాలుగుం పావు! మామూలుగా ఒకటిన్నర చుట్టు దగ్గర్లో ఉండాలి. దొంగ గాలి వల్ల బండి పలచన అయితే, అసలు రోగం చూడకుండా ఎవరో స్క్రూ తెరిచి పెట్రోలు పెంచారు. ఒక తప్పుని ఇంకో తప్పుతో కప్పారన్న మాట. ఒకటి తీసెయ్యగానే రెండోది బయటపడింది.

స్క్రూ ఒకటిన్నర చుట్టుకి తెచ్చి, అక్కడినుంచి పావు చుట్టు చొప్పున మూస్తూ ఇంజను తడబడే చోటు చూసి, మళ్ళీ నున్నగా తిరిగే చోటికి తెచ్చాం. ఇంజను కుట్టుమిషను లాగా తిరిగింది. నేను ఒక పొరపాటు చేశాను, అదీ రాయాలి. మూసేటప్పుడు ఒకసారి బిగించేశాను. ఆ స్క్రూ మొన సూదిలా ఉంటుంది, గట్టిగా నొక్కితే మొన మీద గాడి పడుతుంది, ఆ తర్వాత ఎంత తిప్పినా సరిగ్గా కుదరదు. పడింది. రిపేరు కిట్టులో కొత్త స్క్రూ ఉండబట్టి సరిపోయింది. మావ ఏమీ అనలేదు. ఇంకో మాట. ఈ స్క్రూ ఇంజను వైపు ఉంటే విప్పినకొద్దీ చిక్కన. కొన్ని మోటారు సైకిళ్ళకి ఫిల్టరు వైపు గాలి స్క్రూ ఉంటుంది, అది విప్పితే పలచన. ఏది ఎటో చూసుకోకుండా తిప్పకూడదు.

మూడో రోజు ఘాటు పొగ. రిపేరు కిట్టు మావ ఆర్నెల్ల కిందటే తెప్పించాడు. లోపల ఒక ఇంగ్లీషు కాగితం ఉంది. మావకి అంకెలు వచ్చు, అక్షరాలు రావు. "ఈ కాయితంలో ఏటి రాసుందో సూడు" అన్నాడు. సగం మాటలు నాకూ రాలేదు, కానీ ఒక వాక్యం అర్థమైంది. జెట్టు మీద అంకె అంటే చిల్లు వెడల్పు, మిల్లీమీటరులో నూరో వంతుల్లో. మావ బండి మెయిన్ జెట్టు మీద 125 అని ఉంది, అంటే 1.25 మిల్లీమీటర్లు. "ఈ నంబరు నాను ఇన్నేళ్ళూ సూత్తనే ఉన్నాను, కంపెనీ గుర్తనుకున్నాను" అన్నాడు మావ.

కిట్టులోని కొత్త 125 జెట్టు పక్కన పెట్టి చూస్తే పాతదాని చిల్లు పెద్దగా కనిపించింది. ఇంటి వైరింగు రాగి తీగ ఒకటి కొత్తదాంట్లో దూరలేదు, పాతదాంట్లో జారిపోయింది. ఆ తీగ మందం ఎంత? పెన్సిలుకి పది చుట్లు పక్కపక్కన చుట్టి స్కేలుతో కొలిచాను. 14 మిల్లీమీటర్లు, అంటే తీగ 1.4. ఎవరో జెట్టుని తీగతో పొడిచి పెద్దది చేశారు. 1.25 నుంచి 1.4 అంటే చిన్న తేడాలాగే ఉంటుంది. కానీ పెట్రోలు పోయేది చిల్లు వైశాల్యంలోంచి. వైశాల్యం నూటికి 25 పాళ్ళు పెరిగింది!

ఇంజను పెద్దదైంది కాబట్టి జెట్టు పెద్దది కావాలి కదా అని మావ అడిగాడు. మంచి ప్రశ్నే. మనం స్తూపం ఘనపరిమాణం చేశాం కదా, అదే వేశాను. మొదట బోరు 7.94 సెం.మీ., పిస్టను కదిలే దూరం 11.11 సెం.మీ. నాలుగు సిలిండర్లకి దాదాపు 2200 సీసీ వచ్చింది. బోరింగు తర్వాత బోరు 8.04. లెక్క 2256 సీసీ వచ్చింది. ఇంజను పెరిగింది నూటికి రెండున్నర పాళ్ళు, పెట్రోలు దారి పెంచింది 25 పాళ్ళు. లెక్కల మేడం ఇది చదివితే సంతోషిస్తారు.

కొండ సంగతి కూడా ఉంది. ఈ బండిని ఇంతకు ముందు ట్యూనింగు చేసింది కింద మైదానంలో. పాడేరు సముద్ర మట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తు. కింద భారమితిలో పాదరసం 76 సెం.మీ. నిలబడితే ఇక్కడ 68 దగ్గర నిలబడుతుంది. గాలి నూటికి 8, 9 పాళ్ళు పలచబడుతుంది, దానివల్ల మిశ్రమం నూటికి 4 పాళ్ళ దాకా చిక్కబడుతుంది. అందుకే కింద ఓ మాదిరిగా నడిచే బండి ఘాటు ఎక్కేకొద్దీ పొగ కక్కింది.

ఇప్పటి పెట్రోలు దీనికి ఎదురు. 2025 నాటికి దేశమంతా బంకుల్లో 20 పాళ్ళు ఇథనాల్ కలిసిన పెట్రోలు వచ్చేసింది. ఇథనాల్‌లో ఆక్సిజను ముందే ఉంది కాబట్టి గాలి తక్కువ చాలు. పాత కార్బురేటరుకి ఆ సంగతి తెలీదు, ఎప్పటిలాగే గాలి కలుపుతుంది, దాంతో మిశ్రమం నూటికి 7, 8 పాళ్ళు పలచన అవుతుంది. కొత్త బండ్లలో సెన్సారు చూసుకుని కంప్యూటరు సరిచేస్తుంది. 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 నిబంధన వచ్చాక చాలా కొత్త మోటారు సైకిళ్ళకి కూడా ఇంజెక్షనే. మావ బండికి ఆ కంప్యూటరు మేమే. కొండ చిక్కన చేస్తోంది, ఇథనాల్ పలచన చేస్తోంది, రెండూ కొంతవరకు కొట్టుకుపోతాయి. అందుకని కొత్త 125 జెట్టే వేసి చూశాం. ఘాటులో పొగ పోయింది. మిస్సింగూ పోయింది. సంత రోజు పదకొండు మంది, బస్తాలతో ఎక్కడా ఆగకుండా ఎక్కాడు.

అయినా పొద్దున్నే స్టార్టు కష్టంగానే ఉంది, పెట్రోలు వాసన కూడా. పెట్రోలు గిన్నె మూత తీశాం. అందులో ఇత్తడి తేలు ఉంటుంది. మన బావి దగ్గర ట్యాంకులో బంతి లాగే, పెట్రోలు నిండగానే పైకి తేలి సూది వాల్వుని మూస్తుంది. తేలుకి చిల్లు ఉందేమోనని వేడి నీళ్ళల్లో ముంచాం. చిల్లుంటే బుడగలు రావాలి, రాలేదు. గిన్నె అడుగున మాత్రం నల్లటి రబ్బరు పొడి. పాత రకం రబ్బరు గొట్టాలు ఇథనాల్‌కి మెత్తబడి లోపల రాలిపోతాయి. ఆ పొడి సూది వాల్వు కింద ఇరుక్కుంటే వాల్వు మూసుకోదు, పెట్రోలు పొర్లి ఇంజనులోకి దిగిపోతుంది. ప్లగ్గులు తడిసిపోయి నిప్పురవ్వ రాదు.

అది చెబుతూ ఉంటే నాకు ఆ వాన రాత్రి గుర్తొచ్చింది. "ఆ రోజు చోకు లాగినావా మావా?" అని అడిగాను. "లాగినాను. చలి కదా. మొత్తం లాగి కొట్టినాను" అన్నాడు. పెట్రోలు పొర్లిన ఇంజనుకి చోకు లాగితే ఇంకా పెట్రోలు పడుతుంది. అప్పుడు చోకు పూర్తిగా తోసేసి, యాక్సిలరేటరు కిందిదాకా తొక్కి పట్టి సెల్ఫు కొట్టాలి. గాలి ఎక్కువ వెళ్ళి లోపలి తడి ఆరుతుంది. ఆ రాత్రి జరిగింది ఇదే అని నేను చెప్పలేను, వానకి డిస్ట్రిబ్యూటరు తడిసి కూడా ఉండొచ్చు. అలాగే చెప్పాను. మావ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత లేచి పాత గొట్టం మొత్తం పీకేసి, ఇథనాల్‌కి తట్టుకునే కొత్త గొట్టం కావాలని మర్నాడే మనిషిని పంపించాడు.

పాత ఇనుం ఆయన వచ్చి ఊరికే వెళ్ళిపోయాడు. నన్ను హాస్టలుకి దింపింది ఆ జీపే, మీరు చూశారు కదా.

పోయిన ఆదివారం మావ వార్డెను గారి ఫోనుకి చేశాడు. ఘాటు దిగేటప్పుడు యాక్సిలరేటరు మీదినుంచి కాలు తీస్తే సైలెన్సరులో ఢబ్ ఢబ్ మంటోందట. స్క్రూ తిప్పమంటావా అని అడిగాడు. తిప్పొద్దన్నాను. సైలెన్సరు గొట్టం అతుకుల దగ్గర బయటి గాలి దూరుతుంటే కూడా అలా పేలుతుంది, ముందు అది చూసి నోటుబుక్కులో మా తమ్ముడి చేత రాయించమన్నాను. వచ్చే ఆదివారం ఫోను చేస్తాడు.

— తొమ్మిదవ తరగతి విద్యార్థిని
(పక్కనున్న కార్బురేటరు బొమ్మ కూడా నేనే వేశాను. ఎర్ర రంగు పెట్రోలు దారి, నీలం రంగు గాలి దారి.)